మంచుకి దెబ్బలు

అనిరుధ్ బ్రేకుల ఇంజనీరు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండే తెలుగువాళ్ళు చాలామందిలాగే అతనూ పొద్దున లేస్తే కార్ల గురించే ఆలోచిస్తాడు. కాకపోతే మిగతావాళ్ళు కారు ఎలా పరిగెత్తాలో చూస్తారు, ఇతను ఎలా ఆగాలో చూస్తాడు. ఆ వృత్తి మనిషిలోకి కూడా ఇంకిపోయింది. హైవే మీద లేన్ మారడానికి పదిసార్లు అద్దంలో చూసుకుంటాడు. నలభై దాటేదాకా పెళ్ళి మాట ఎత్తితే పక్క గదిలోకి వెళ్ళిపోయేవాడు. ఇంత జాగ్రత్త మనిషీ శ్రీలేఖని చూశాక మాత్రం ఆగలేదు. ఆగాలని అనుకోనూ లేదు.

శ్రీలేఖ హాస్పిటల్లో ఫార్మసిస్టు. ఆమెకి తొమ్మిదేళ్ళ కూతురు, నైనిక. నైనిక నాన్న నిశాంత్ విడాకులయ్యాక ఉద్యోగం మారి కాలిఫోర్నియాలో శాన్ రామన్ వెళ్ళిపోయాడు. చెడ్డవాడేం కాదు. ఆదివారం వీడియో కాల్ తప్పడు, స్కూలు సెలవులకి కూతుర్ని పిలిపించుకుంటాడు. ఆ మాటకొస్తే ఈ కథలో చెడ్డవాళ్ళెవరూ లేరు. తప్పు ఎవరిమీదైనా వేసి తీరాలంటే మంచు ఒకటుంది.

పెళ్ళై ఏడాది దాటినా నైనికకి అతను "అనిరుధ్ అంకుల్". గుళ్ళో పులిహోర వడ్డించే అంకుల్, పుట్టినరోజుల్లో ఫొటోలు తీసే అంకుల్, వాళ్ళ వరసలో ఈయనొకడు. పిలుపుతో అతనికి పేచీ లేదు. బాధల్లా ఆ పిల్ల మర్యాదతోనే. మంచినీళ్ళ గ్లాసు అందిస్తే "థాంక్యూ అంకుల్". రిమోట్ కావాలంటే "మీరు చూస్తున్నారా అంకుల్?" అదే పిల్ల అమ్మ మీద గయ్యిమంటుంది, తలుపులు ధడాలున వేస్తుంది, పప్పులో పాలకూర కనిపించిందని ఒక పూట మాట్లాడటం మానేస్తుంది. ఇతని మీద ఒక్కసారైనా అలగలేదు. ఇంట్లో మనిషి మీద అలుగుతారు గానీ చుట్టపుచూపుగా వచ్చినవాడి మీద ఎవరలుగుతారు? అది తలపుకొచ్చినప్పుడల్లా అతనికి గుండె కలుక్కుమనేది.

ఇలా ఉండగా చలికాలం మొదట్లో నిశాంత్ కూతురికి ఒక ఆశ పెట్టాడు. అతను శనాదివారాలు టాహో కొండల మీద స్నోబోర్డింగ్ చేస్తాడు, అంటే పాదాలు పలకకి బిగించుకుని మంచు మీద జారడం. "ఫిబ్రవరి సెలవులకి వస్తావు కదా, ఆలోపు నేర్చుకో. పైనుంచి కిందిదాకా పడకుండా, ఆగకుండా వచ్చిన వీడియో ఒక్కటి పంపు. నాతోపాటు పెద్ద కొండెక్కిస్తా. లేదంటే మాత్రం చిన్నపిల్లల క్లాసులో కూర్చోవాల్సిందే" అన్నాడు. నైనికకి చిన్నపిల్లల క్లాసంటే శిక్షే. ఏడాదికి రెండుసార్లు దొరికే నాన్నని కొండకింద కూర్చుని దూరం నుంచి చూడటం ఆ పిల్ల వల్ల కాదు.

మిషిగన్‌లో మా వైపు కొండలంటే నవ్వొస్తుంది. నేలంతా చదును. ఊరికి ముప్పావు గంట దూరంలో ఉన్న గుట్టనే కొండ అని గౌరవంగా పిలుచుకుని, దాని మీద మంచు పోసుకుని జారుతుంటారు. శనివారాలు శ్రీలేఖకి డ్యూటీ. అంచేత పిల్లని అక్కడికి తీసుకెళ్ళే పని అనిరుధ్ మీద పడింది. తనతో నాలుగు మాటలు మాట్లాడని పిల్లని, ఇంకొకరితో సంతోషంగా ఆడుకోవడానికి తానే దగ్గరుండి తయారుచేయాలి. అసూయ పుట్టిందా అంటే పుట్టింది. దాన్ని మింగి, ఫ్లాస్కులో బూస్ట్ పోసుకుని, కారు స్టార్ట్ చేశాడు.

టీచరు పేరు మెగన్, కాలేజీ పిల్ల. ఆమె చెప్పిన మొదటి పాఠం పడటం. వెనక్కి పడితే కూర్చున్నట్టు పడాలి, ముందుకి పడితే మోకాళ్ళ మీద పడాలి, అరచేతులు మాత్రం చాపకూడదు, పిడికిళ్ళు బిగించాలి, లేకపోతే మణికట్టుకి ప్రమాదం. పడటానికి కూడా పాఠమేమిటని కంచె అవతల నిలబడ్డ అనిరుధ్ ముక్కున వేలేసుకున్నాడు. ఇంతలో నైనిక రెండు పాదాలూ బోర్డుకి బిగించుకుని లేచి నిలబడింది, కాస్త జారింది, దభీమని వెనక్కి పడింది.

అనిరుధ్ తెనాలిలో పెరిగినవాడు. అక్కడేమిటి, ఏ తెలుగింట్లోనైనా పిల్ల పడితే పెద్దవాళ్ళు ముందు చేసేది ఒకటే. పిల్లని దగ్గరికి లాక్కుని నేలని నాలుగు బాదుతారు. తప్పు నేలది, పిల్లది కాదు. నేలకి దెబ్బలు పడ్డాక పిల్ల ఏడుపు ఆపుతుంది. ఆ వైద్యం బుడిబుడి అడుగులప్పటిదని, తొమ్మిదేళ్ళ పిల్లకి పనికిరాదని పిల్లల్ని పెంచినవాడైతే తెలుసుకునేవాడు. అతనికి రెండేళ్ళ నైనిక ఎక్కడ దొరికింది? తిన్నగా ఎనిమిదేళ్ళ పిల్లే దొరికింది.

కంచె ఎలా దాటాడో అతనికే తెలియదు. మామూలు బూట్లతో జారుతూ వెళ్ళి, పిల్ల పక్కన మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులతో మంచుని ఫట్ ఫట్ మని బాదడం మొదలుపెట్టాడు. "పడేస్తావా? మా పిల్లని పడేస్తావా? ఇంద! ఇంద!"

మెగన్ ఒక అడుగు వెనక్కి వేసి, "సర్, ఆర్ యూ ఓకే?" అంది. ఆ తర్వాత ఒక కుర్రాడు కిసుక్కుమన్నాడు, పక్కవాడు మోకాళ్ళ మీద కూర్చుని మంచుని బాదుతూ అనుకరించాడు, ఇక నవ్వులే నవ్వులు. నైనిక హెల్మెట్ కింద మొహం కందగడ్డ అయింది.

కార్లో ఆ పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుంది. బూస్ట్ ఇస్తే తీసుకోలేదు. ఇంటి వీధిలోకి తిరుగుతుండగా ఒక్కటే అంది: "ఐయామ్ నాట్ ఎ బేబీ. మీరు ఎందుకు అట్లా చేశారు? నేను ఇంక వెళ్ళను. ఎవర్." కారు ఆగీ ఆగకముందే దిగి, ఇంటి తలుపు ధడాలున వేసింది.

శ్రీలేఖ ఇంటికొచ్చాక సంగతంతా విని ముందు పొట్ట పట్టుకుని నవ్వింది. అతని మొహం చూసి ఆపుకుంది. "తలుపు నీ మొహం మీదే వేసిందా?"

"నా మొహం మీదే. గడప దగ్గర నేనొక్కడినే ఉన్నాను."

"అయితే ఇన్నాళ్ళకి నీ మీద అలిగిందన్నమాట" అంది శ్రీలేఖ. అందులో సంతోషించాల్సింది ఉందని అనిరుధ్‌కి అప్పుడు తట్టలేదు. అతనికి మరో సంగతి తట్టింది. నైనిక కొండకి వెళ్ళదు, వీడియో ఉండదు, టాహోలో నాన్న వెంట కొండెక్కడం ఉండదు. ఆ ఊహకి ఒక్క క్షణం ఒళ్ళు తేలికైంది. మరుక్షణమే తన మీద తనకి అసహ్యం వేసింది. పిల్ల దాని నాన్న దగ్గర ఏడుస్తూ కూర్చుంటే తనకొచ్చేదేమిటి?

మూడు రోజులు ఆలోచించి, నైనిక హోంవర్క్ చేసుకుంటుంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాడు. "నేనూ నేర్చుకుంటాను. నీ క్లాసులోనే చేరతాను. మెగన్‌ని అడిగాను, సరేనంది."

నైనిక పెన్సిలు ఆపింది. "మీరా? మీరు చాలా పడతారు అంకుల్."

"పడనీ. నన్ను చూసి నవ్వుతుంటే ఇంక నీ వైపు ఎవరు చూస్తారు? మొన్న జరిగింది కూడా మర్చిపోతారు."

ఆ లెక్క పిల్లకి నచ్చింది. అయినా పెన్సిలు కొరుకుతూ కాస్త బెట్టు చేసింది. "ఓకే. బట్ నో హిట్టింగ్ ద స్నో. నేను పడితే లేపొద్దు కూడా."

"ఒట్టు" అన్నాడు అనిరుధ్.

మాట నిలబెట్టుకున్నాడు. పిల్లలంతా తనని చూసే నవ్వేలా చేస్తానన్న మాట మాత్రం ప్రయత్నం లేకుండానే నిలబడింది. నిలబడితే పడ్డాడు, నిలబడబోతూ పడ్డాడు, కూర్చున్నచోట నుంచి కూడా ఎలాగో జారి పడ్డాడు. నవ్వాల్సిన కుర్రాళ్ళు నవ్వి నవ్వి అలిసిపోయి, "యూ గాట్ దిస్, మిస్టర్ ఏ!" అని ధైర్యం చెప్పే స్థితికొచ్చారు. నేలని బాదిన సంగతి నిజంగానే అందరూ మరిచిపోయారు.

అతని జబ్బు మెగన్ వెంటనే పట్టేసింది. వాలు కనిపించగానే భయపడి వెనక్కి వాలుతున్నాడు. వెనక్కి వాలితే బోర్డు ముందు కొస తేలిపోతుంది, ఇక మాట వినదు. భయం వేసినప్పుడే ముందు కాలి మీద బరువెయ్యాలి, దిగువ వైపే ఒరగాలి. మెగన్ అది ఇంగ్లీషులో నాలుగు రకాలుగా చెప్పింది. అతనికి బోధపడలేదు. చివరికి నైనిక విసుగొచ్చి దగ్గరికి జారి వచ్చి, "అంకుల్, వెనక్కి పోతే ఇంకా ఫాస్ట్ అవుతుంది. ముందు కాలు మీద ఉండండి. అప్పుడే ఆగుతుంది" అంది.

"ఓహో, ముందు బ్రేకులా!" అన్నాడు అనిరుధ్, వెలుగు కనిపించినట్టు.

"అంటే?"

మనుషుల్ని నిలబెట్టి పైకి మోసుకెళ్ళే రబ్బరు పట్టా ఒకటుంది అక్కడ. దాని మీద నిలబడి పైకి వెళ్తూ చెప్పాడు. కారు బ్రేకు వేస్తే బరువంతా ముందుకి ఒరుగుతుంది, అందుకని ఆపే పనిలో ఎక్కువ వంతు ముందు బ్రేకులదే. అతని ఉద్యోగం గురించి ఆ పిల్ల ఒక ప్రశ్న అడగడం అదే మొదటిసారి కాబట్టి ఒళ్ళు మరిచి, చేతులు తిప్పుతూ, పట్టా మీదనుంచి పడబోయి మరీ చెప్పాడు.

"మరి వెనక బ్రేకులు ఎందుకు?" అడిగింది నైనిక.

అతను కాస్త ఆలోచించాడు. "వాటికి పని తక్కువే. కానీ అవి లేని కారులో నిన్ను ఎక్కించను."

నైనిక అతనివైపు ఓసారి చూసి, హెల్మెట్ సర్దుకుంది.

ఆ సాయంత్రాలు అతని ఒళ్ళు హూనమైపోయేది. శ్రీలేఖ నడుముకి అమృతాంజనం రాస్తూ, "ఈ వయసులో నీకెందుకు చెప్పు" అనేది, రాస్తున్న చెయ్యి మాత్రం ఆపేది కాదు. ఒకరోజు భోజనానికి వస్తే తన కుర్చీలో మెత్తటి దిండు ఒకటి ఉంది. నైనిక మంచం మీదుండే ఊదారంగు దిండు. ఎవరు పెట్టారని అడగబోయాడు. నైనిక తలవంచుకుని చాలా శ్రద్ధగా పెరుగన్నం కలుపుతోంది. అడగడం మానేసి దాని మీద కూర్చున్నాడు. నొప్పి తగ్గిందో లేదో గానీ ఆ పూట అతనికి కడుపు నిండిపోయింది.

జనవరి గడిచింది. బోర్డు అంచు మీద ఆగడం వచ్చింది, అటూ ఇటూ తిరగడం వచ్చింది. నైనికకి చకచకా వచ్చేసింది, అనిరుధ్‌కి మొక్కుకుని మొక్కుకుని వచ్చింది. పట్టా వదిలేసి, గాల్లో వేలాడే కుర్చీల్లో కూర్చుని గుట్టపైకి వెళ్ళేదాకా ఎదిగారు. వీడియోకి మాత్రం ఏదో ఒకటి అడ్డుపడేది. ఒకసారి మధ్యలో పడింది, ఒకసారి ఎవరో అడ్డమొచ్చి ఆగింది, ఒకసారి చలికి ఫోనే ఆగిపోయింది. చూస్తుండగానే ప్రయాణం ముందు రోజు వచ్చేసింది.

ఆ శనివారం సన్నగా మంచు పడుతోంది. తిరిగి తిరిగి కుర్చీల లిఫ్టు మూసేసే వేళయింది. "లాస్ట్ రన్" అని అరుస్తున్నారు. కుర్చీలో పైకి వెళ్తుంటే నైనిక గ్లవ్స్ పిసుక్కుంటోంది. "ఇప్పుడు పడితే ఇంక లేదు అంకుల్. నాన్న నిజంగానే క్లాస్‌లో వేస్తాడు."

"పడవు. ఎక్కడ తిరగాలో నీకు తెలుసు. నేను వెనకాలే వస్తూ తీస్తాను."

"ఫోన్ పట్టుకుని రావడం మీకు రాదు కదా."

"నీ వెనకాల మెల్లగా వస్తాను. ఏం కాదు."

అబద్ధమే. భయంతో అతని కాళ్ళు చన్నీళ్ళలో పెట్టినట్టున్నాయి. కింద నిలబడి తీస్తే పైన ఆ పిల్ల చుక్కంత కనిపిస్తుంది. నాన్నకి మొత్తం చూపించాలని దాని ఆశ. అంచేత కుడిచేతి గ్లవ్ విప్పి జేబులో పెట్టుకున్నాడు, ఫోన్ పైకెత్తాడు, "ఊఁ, వెళ్ళమ్మా" అన్నాడు.

నైనిక వెళ్ళింది. ఎంత బాగా వెళ్ళిందని! ఎడమకి ఒరిగింది, కుడికి ఒరిగింది, నిటారు వాలు దగ్గర తొందరపడకుండా అంచు దించి వేగం తగ్గించుకుంది, మళ్ళీ వదిలింది. చిన్న తెరలో ఆ ఎర్ర జాకెట్టు వంకరలు తిరుగుతూ పోతుంటే అనిరుధ్‌కి గర్వంతో ఒళ్ళు పొంగిపోయింది. తెరనే చూస్తున్నాడు. కాళ్ళ సంగతి మరిచిపోయాడు. నిటారు వాలు తనకీ వస్తుందని మరిచిపోయాడు. అది కాళ్ళ కిందికి వచ్చేసరికి పాత జబ్బు తిరగబెట్టింది, వెనక్కి వాలాడు.

బోర్డు చెయ్యి జారిన సబ్బులా ముందుకి దూసుకుపోయింది. అతను అరచెయ్యి చాపాడు. చాపకూడదని మొదటి రోజే చెప్పారు, ఎవరికి గుర్తుంటుంది? మణికట్టు కలుక్కుమంది, వీపు నేలకి కొట్టుకుంది, ఫోన్ ఎగిరి మంచులో పడింది. ఊపిరి అందలేదు. కళ్ళెదుట తెల్లటి ఆకాశం తప్ప ఇంకేం లేదు.

తల కాస్త ఎత్తి చూశాడు. దిగువన నైనిక వెనక్కి తిరిగి చూస్తోంది. ఇంకాస్త, చివరి చదును మాత్రమే మిగిలింది. "ఆగకు, వెళ్ళిపో" అని అరవబోయాడు. గొంతు పెగల్లేదు. నైనిక బోర్డు అడ్డం తిప్పింది. అంచు మంచులో దిగింది. ఆగిపోయింది.

వంగి పట్టీలు విప్పుకుంది. బోర్డు అక్కడే పక్కన బోర్లించి, బరువు బూట్లతో, పడుతూ లేస్తూ, వాలు మీదకి ఎక్కి రావడం మొదలుపెట్టింది. ఆమె రొప్పు అతనికి దూరం నుంచే వినిపించింది.

"అంకుల్! అంకుల్, మాట్లాడు! ఏదో ఒకటి చెప్పు!"

"బానే ఉన్నా" అన్నాడు, చివరికి ఊపిరి అందాక. "నువ్వెందుకాగావు? నీ వీడియో..."

నైనిక అతని పక్కన మోకాళ్ళ మీద కూలబడింది. కళ్ళద్దాలు పైకి తోసుకుంది, కళ్ళు నిండా నీళ్ళు. నెత్తిమీద కుర్చీల్లో మనుషులు వెళ్తున్నారు, మొదటి రోజు కిసుక్కుమన్న కుర్రాడు కూడా అందులోనే ఉన్నాడు, తొంగి చూస్తున్నాడు. నైనిక తలెత్తి వాళ్ళని చూసింది. చూసి, రెండు చేతులూ పైకెత్తి మంచుని ఫట్ ఫట్ మని బాదింది.

"పడేస్తావా?" అంది తన అమెరికా తెలుగులో, ఏడుస్తూనే. "మా అంకుల్‌ని పడేస్తావా? ఇంద! ఇంద!"

అనిరుధ్ నవ్వాడు, నవ్వితే పక్కటెముకలు నొప్పెట్టాయి, నొప్పెట్టినందుకే అన్నట్టు ఏడ్చేశాడు. దాదాపు నలభై ఏళ్ళుగా అతని కోసం నేలని ఎవరూ కొట్టలేదు.

తర్వాత ఇద్దరూ గుట్ట కింద హాల్లో కూర్చున్నారు. అతని మణికట్టు వాచింది. విరగలేదని, బెణికిందని అక్కడి ఫస్ట్ ఎయిడ్ వాళ్ళు చెప్పి కట్టు కట్టారు. లిఫ్టు మూసేశారు. నైనిక మంచు మీదనుంచి ఏరి తెచ్చిన ఫోన్లో వీడియో చూస్తోంది.

"సారీ రా" అన్నాడు అనిరుధ్. మనసంతా ఉసూరుమంటోంది. "నా వల్లే పాడైంది. ఒక పని చెయ్యి. నేను పడకముందుదాకా కట్ చేసి పంపు. చివర్లో ఎలాగూ చదునే కదా, నాన్న ఒప్పుకుంటాడు."

"నో" అంది నైనిక. "మొత్తం పంపేశా."

నిశాంత్ దగ్గర్నుంచి కాసేపట్లోనే ఫోన్ వచ్చింది. నైనిక స్పీకర్ పెట్టింది.

"కన్నా! ఎంత బాగా దిగావే! కానీ చివర్లో నువ్వు కనిపించలేదు, ఆగిపోయావా? ఇంకాస్త వస్తే అయిపోయేది కదా."

"ఐ నో, నాన్నా. అంకుల్ పడ్డాడు. అందుకే ఆగాను." "నన్ను కిడ్స్ క్లాస్‌లో వేసినా ఓకే. ఐ వోంట్ క్రై."

అనిరుధ్ ఫ్లాస్కు మూతలో ఒంటి చేత్తో బూస్ట్ పోస్తూ ఆ ఫోన్నే చూస్తున్నాడు.

"పిచ్చిదానా" అన్నాడు నిశాంత్. "దిగడం అందరికీ వస్తుంది. అంత స్పీడులో వెళ్తూ, అనుకున్నచోట ఆపావు చూడు, అది రావాలి. నాతోనే పైకి వస్తున్నావు. అంకుల్‌కి ఎలా ఉంది? బాగానే ఉన్నారా?"

"బానే ఉన్నాడు. హీ క్రైడ్ ఎ లిటిల్."

"సరే, ఇంకోటి అడుగుతా. చివర్లో అంతా ఆకాశమే కనిపిస్తోంది. మాటలు సరిగా తెలియట్లేదు, ఫట్ ఫట్ మని చప్పుడొకటి వస్తోంది. ఎవర్నే అలా కొడుతున్నావు?"

"స్నోని" అంది నైనిక, అందులో అడగాల్సిందేముందన్నట్టు. "మా ఇంట్లో ఎవరు పడినా అట్లాగే కొడతాం."

అనిరుధ్ చేతిలో మూత సంగతి మరిచి ఆ పిల్లనే చూశాడు. మూతలోని బూస్ట్ ఒలికి ఆ పిల్ల గ్లవ్స్ మీద పడింది.

"అబ్బా, అంకుల్! చూసుకోవా?" అని అతని మీద గయ్యిమని, ఫ్లాస్కు లాక్కుని, మిగిలింది తనే పోసి ఇచ్చింది.